ఆరేదాకా

ఆ పేటలో పుట్టినరోజు ఎవరిదైనా బిస్కెట్లు మాత్రం గీతలక్కవే. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండేది గాని, అది కాగితాల మీదే ఉండిపోయింది. గుడ్ల తెల్లసొనలో పంచదార పొడి పోసి, నురగ కొమ్ములు కట్టి నిలబడేదాకా గిలక్కొట్టి, ఆ ఐసింగుని కాగితం పొట్లంలో నింపి, పొట్లం కొసని వెంట్రుక దూరేంత కత్తిరించి గీతలు గీసేది. బిస్కెట్టు మీద పూత ఉండదు. అన్నీ గీతలే. ఆకు కావాలంటే ఆకు ఈనెలు, పిట్ట కావాలంటే పిట్ట ఈకలు. లోపలంతా కాలిన బిస్కెట్టు రంగు అలాగే కనబడుతూ ఉంటుంది.

ఈ గీతల గురించి పేటలో చాలా కబుర్లు చెప్పుకునేవాళ్ళు. బొమ్మలు నేర్పే మాస్టారు ఒకాయనైతే, ఖాళీ విలువ తెలిసిన చెయ్యి ఇది అని తేల్చేశాడు. గీతలక్క ఆ మాట ఇంటికొచ్చి చెబితే వాళ్ళ వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వితే పక్కటెముక కలుక్కుమంటుందని కూడా తెలుసు, అయినా ఆపుకోలేకపోయింది.

ఖాళీ విలువా లేదు, మన్నూ లేదు. అసలు సంగతి చెప్పుకుంటే ఇంతే. బిస్కెట్టు నిండా పోసిన పలచటి పూత ఆరడానికి ఒక పూటంతా పడుతుంది. గట్టి ఐసింగుతో గీసిన గీత, భోజనం ముగించే లోపల ఆరిపోతుంది. ఆ ఇంట్లో ఒక పూటంతా కదలకుండా నిలబడిన బల్ల ఏనాడూ లేదు. ఆ బల్లని గీతలక్క అన్న తన్నేవాడు. బల్లని తన్నాక మనుషుల్ని తన్నేవాడు.

అన్న అంబులెన్సు డ్రైవరు. ఎవరింట్లో గుండె నొప్పన్నా, కాన్పు నొప్పులన్నా పెట్రోలు లెక్క చూడకుండా పరిగెత్తేవాడు. పేటలో అందరికీ తలలో నాలుక. ముసలివాళ్ళు అతను కనబడితే చేతులెత్తి దణ్ణం పెట్టేవాళ్ళు. ఇతన్ని ఆయన అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అతను అంటేనే ఎక్కువ. తాగడు. సిగరెట్టు లేదు. అందుకని ఇంట్లో కొడుతున్నాడంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, నమ్మించడానికి వీళ్ళూ తంటాలు పడలేదు.

అన్నేళ్ళు దెబ్బలు తగిలినవాళ్ళని మోసిన మనిషి కదా, ఎక్కడ కొడితే కుట్లు పడతాయో, ఎక్కడ కొడితే కమిలి ఊరుకుంటుందో బాగా తెలుసు. భుజం వెనక, తొడ మీద, నెత్తిన జుట్టు ఉన్నచోట. లెక్క తప్పి ఎక్కడైనా చర్మం చిట్లితే మళ్ళీ తనే డెట్టాలు, దూది, బ్యాండేజీ తెచ్చేవాడు. "కదలకు" అంటూ ఎంత శ్రద్ధగా కట్టు కట్టేవాడంటే, చూసినవాళ్ళు ఎంత మంచి మనిషో అనుకుంటారు. ఇంట్లో ఏ తలుపుకీ లోపలి గడియ ఉండేది కాదు. అన్నీ స్క్రూడ్రైవరుతో విప్పి పారేశాడు.

మొదట్లో గీతలక్క కూడా నిండా పూసేది. చిన్నప్పుడు ఒక కేకుల కొట్లో గిన్నెలు కడిగేది, అక్కడ చూసి నేర్చుకుంది. ఒకసారి పక్కింటి పసివాడి కోసం బాతులు చేసింది. నీలం నీళ్ళ మీద పసుపుపచ్చ బాతులు. ఇంకా తడి ఆరలేదు. అన్న డ్యూటీ నుంచి వచ్చి, అన్నం తినడానికి బల్ల మీద చోటు లేదని కాలెత్తి తన్నాడు. పసుపు నీలంలోకి కారి, బాతులన్నీ మునిగిపోయి, అంచులు దాటి బల్ల మీదికి పాకాయి. "అయ్యో" అంది గీతలక్క. ఆ ఒక్క మాటకి జుట్టు పట్టుకుని మొహాన్ని ట్రేకేసి కొట్టాడు. ముందు పన్ను సగం విరిగింది. నోట్లో తీపీ ఉప్పూ కలిసి వచ్చాయి. ఆ రోజు నుంచి గీతలు మొదలయ్యాయి.

తర్వాత వదిన వచ్చింది. ఇక్కడొక సంగతి దాచకూడదు. వదిన కాపురానికి వచ్చిన కొత్తలో, తలుపు అవతల మొదటిసారి ఆమె మీద దెబ్బ పడిన చప్పుడు విని గీతలక్క హమ్మయ్య అనుకుంది. ఈ పూటకి తన వీపు బతికిపోయింది. దుప్పటి ముసుగేసుకుని హాయిగా నిద్రపోయింది కూడా. మర్నాడు వదిన చంప మీద వేళ్ళ అచ్చు చూసి, మొహం తిప్పుకుని పాలు కాచుకుంది. చాలాకాలం ఇద్దరూ ఎడమొహం పెడమొహంగానే ఉన్నారు. దెబ్బలు ఎవరి వాటాకి ఎన్ని వస్తాయా అని ఒకరినొకరు ఓరకంట చూసుకునేవాళ్ళు.

పొత్తు కుదిరింది పిండి దగ్గర. వదిన భుజం ఎత్తలేని స్థితిలో ఉండి, ఒంటిచేత్తో వెన్నా మైదా కలుపుతోంది. గిన్నె జారిపోతోంది. గీతలక్క ఏమీ అనకుండా వచ్చి గిన్నె పట్టుకుంది. వదిన చేతిలో ఎంత గుణముందో అప్పుడే తెలిసింది. ఆమె పిండిని చల్లబరిచి, ఒకే మందాన వత్తి కోస్తే, పొయ్యిలోంచి వచ్చాక కూడా అంచు చెదరదు. ఉబ్బదు, వంగదు. అలాంటి బిస్కెట్టు మీదే గీత తిన్నగా నడుస్తుంది. వదిన కాలుస్తుంది, ఆడపడుచు గీస్తుంది. వీధిలోకి వెళ్ళి వచ్చిన మనిషి ముందుగా, "బల్ల ఎలా ఉంది?" అని అడిగేది. నిలబడే ఉంది అంటే అన్న మంచిగా ఉన్నాడని. ఊగుతోంది అంటే నోరు కట్టుకోమని.

ఒకరోజు పెద్దబజారులో కేకుల కొట్టు నడిపే ఆవిడ దగ్గర్నుంచి కబురొచ్చింది. చేతుల నిండా కాలిన మచ్చలు, నోటి నిండా విసుగు, అలాంటి మనిషి. గీతలక్క కొట్టుకి వెళితే, తెచ్చిన బిస్కెట్టు ఒకటి తీసుకుని ఆవిడ వెలుతురులో తిప్పి చూసింది.

"గీత బాగుంది. కానీ నా కొట్లో గీతలు అమ్ముడుపోవమ్మా. పిల్లలకి నిండా రంగు కావాలి. పూత పోసి, తడి మీద గులాబీలు తిప్పి ఒక ట్రే తీసుకురా. చెయ్యి నచ్చితే నీకు పని. పైన ఒక గది ఖాళీగా ఉంది, అందులో ఉండు."

"దానికి లోపలి గడియ ఉందా మేడమ్?"

కొట్టావిడ ఆమెకేసి వింతగా చూసింది. "గది అన్నాక గడియ ఉండదా?"

గీతలక్క ఇంటికొచ్చేదాకా దారిలో ఏమీ చూడలేదు. ఒక బస్సు హారన్ కొట్టి, డ్రైవరు తిట్టి పోయాడు. లోపల గడియ ఉన్న గది. పడుకున్నాక ఎవరూ తోసుకుని రాలేని గది. నలభై దాటిన మనిషికి ఇంతకన్నా పెద్ద కోరిక ఉండకపోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది గాని, ఆమెకి మాత్రం ఒళ్ళంతా జ్వరం వచ్చినట్టు ఉంది. దానికి కావలసిందల్లా ఒక్క పూట బల్ల కదలకపోవడం.

వదినకి చెప్పింది. వదిన తల ఊపి, "పొద్దున డ్యూటీ ఉన్న రోజు చూసి చేద్దాం. సాయంత్రం దాకా రాడు" అంది. ఆ గది ఎందరికని అడగలేదు. గీతలక్క చెప్పనూ లేదు.

ఆ రోజు అన్న బండి తీసుకుని వెళ్ళగానే ఇద్దరూ బల్లకి చుట్టుకున్నారు. గిన్నెకి జిడ్డు ఉంటే తెల్లసొన పొంగదని గీతలక్క వేడినీళ్ళతో గిన్నె కడిగి, నిమ్మచెక్కతో రుద్ది, ఆరబెట్టింది. గట్టి ఐసింగుతో బిస్కెట్ల చుట్టూ గట్టు గీసింది. మిగిలినదాంట్లో నీటిచుక్కలు వేసి పలచన చేసింది. కత్తి మొనతో పైన గీత గీస్తే అది తొందరపడకుండా మూసుకుపోవాలి. వెంటనే మూసుకుపోతే గట్టు దాటి పారుతుంది. అసలు మూసుకోకపోతే గుంటలు పడతాయి. కొలత కుదిరింది. రెండు గిన్నెల మీదా తడిబట్ట కప్పింది.

గులాబీల పని తడి మీదే అయిపోవాలి. తెల్లటి పూత పోసి, అది తడిగా ఉండగానే ఎర్రచుక్కలు పెట్టి, సూది మొనతో చుక్కని లాగుతూ తిప్పితే రేకులు విచ్చుకుంటాయి. కాసేపు ఆలస్యమైతే పాల మీద మీగడ కట్టినట్టు పైన సన్నటి పొర పడుతుంది. అప్పుడు సూది పెడితే పొర చిరిగిపోతుంది. పోనీ రేకులు తిప్పేశాక నిశ్చింతగా ఉందామా అంటే, ఆ పొర గట్టిపడేలోపు బల్ల కదిలిందో, ఎరుపంతా తెలుపులోకి పారి గులాబీ కాస్తా గాయంలా తయారవుతుంది. పొర గట్టిపడ్డాక మాత్రం, లోపల పూర్తిగా ఆరకపోయినా ఇక పారదు.

ట్రే మొత్తం పూత పోసి, ఎర్రచుక్కలన్నీ పెట్టేసి, సూది చేతిలోకి తీసుకుంది. అప్పుడు వీధి తలుపు చప్పుడైంది.

అంబులెన్సు మరమ్మతుకి పోయిందట. అన్న బూట్లు విప్పకుండా లోపలికొచ్చాడు. రెంచీలతో పెనుగులాడి చేతులు నల్లగా ఉన్నాయి. మొహం చూస్తేనే తెలుస్తోంది. వంటింటి గుమ్మంలో నిలబడి బల్లని చూశాడు. ట్రేని చూశాడు.

"మంచినీళ్ళు అడిగే దిక్కు కూడా లేదు ఈ కొంపలో. మళ్ళీ మొదలెట్టారా?"

గీతలక్క సూది కదపలేదు. అతని కుడికాలు కాస్త వెనక్కి వెళ్ళడం చూసింది. ఆ కాలు వెనక్కి ఎలా వెళుతుందో ఆమెకి నిద్రలో కూడా తెలుసు.

పొయ్యి దగ్గర నుంచి వదిన లేచింది. నీళ్ళ గ్లాసు తెస్తోందనుకుంది గీతలక్క. వదిన ఉత్తచేతులతో, తాపీగా అతని పక్క నుంచి పెరటి గుమ్మం దాకా నడిచింది. అక్కడ ఆగి, పక్కింటివాళ్ళతో మాట్లాడినంత మామూలు గొంతుతో అంది.

"మొన్న మీ బండిలో ఆస్పత్రి దారిలోనే ప్రాణం పోయిన ఆ ముసలాయన, మీరు టీ తాగుతూ కూర్చోబట్టే పోయాడంట కదా. బజారులో అందరూ అనుకుంటున్నారు."

అది పచ్చి అబద్ధం. అప్పటికప్పుడు పుట్టించింది. అన్న కాలు నేల మీదికి దిగింది. అతనికి ఇంట్లో ఏమన్నా పట్టదు గాని, బయట తనని దేవుడనుకోకపోతే మాత్రం ప్రాణం పోతుంది. ఆ సంగతి వదినకి తెలుసు. ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు దెబ్బలు తిన్నా ఆ ఒక్కదాని జోలికి పోలేదు.

"ఏమన్నావే?"

"నేనన్లేదు. ఊరంతా అంటోంది" అంటూ వదిన పెరట్లోకి దిగింది. అన్న వెనకే వెళ్ళాడు.

మొదటి దెబ్బ చెంప మీద. వంటింట్లోకి వినబడింది. తర్వాత బకెట్టు దొర్లింది. తర్వాత బట్టలుతికే బండకి మనిషి తగిలిన చప్పుడు, మెత్తగా. గీతలక్క కుర్చీలోంచి లేచింది. కాళ్ళు పెరటి వైపు తిరిగాయి. ఎర్రచుక్కలన్నీ తడిగా, గుండ్రంగా, తనకేసే చూస్తున్నాయి.

బయట అన్న చెయ్యి ఆగినట్టుంది. రొప్పుతున్నాడు. అంతలో వదిన గొంతు, ఎప్పుడూ లేనంత పెద్దగా.

"అంతేనా? ముసలాయన్ని మోయడానికి లేని బలం నన్ను కొట్టడానికి వచ్చిందే."

మళ్ళీ మొదలైంది. ఈసారి బూటుకాలు. వదినకి మతి పోయిందనుకుంది గీతలక్క. నోరు మూసుకుంటే ఆగేవాడు. ఎన్నడూ నోరు మెదపని మనిషి ఇవాళ అతన్ని రెచ్చగొట్టి మరీ కొట్టించుకుంటోంది. వెళ్ళి అడ్డం పడాలి. అడ్డం పడితే అన్న తన వెనక వంటింట్లోకి వస్తాడు. వస్తే ముందు తన్నేది బల్లనే. ఇదంతా ఆలోచించిందని కాదు. లోపలి గడియ ఒక్కటే కళ్ళ ముందు మెదిలింది. ఆమె మళ్ళీ కూర్చుంది.

సూది తీసుకుని మొదటి చుక్కలో పెట్టింది. ఎరుపుని లాగి, తిప్పి, వదిలేసింది. రేకు వచ్చింది. రెండోది. పెరట్లో జుట్టు పట్టి ఈడుస్తున్న చప్పుడు, గాజులాంటిదేదో పగిలిన చప్పుడు. మూడో గులాబీకి అంచు కొంచెం మందంగా వచ్చింది, సూది తుడిచి సరిదిద్దింది. ఇక్కడ అబద్ధం చెప్పడానికి వీల్లేదు. ఆమె చేతులు వణకలేదు. వదిన ఒక్కొక్కసారి మూలుగుతుంటే ఒక్కొక్క గులాబీ విచ్చుకుంది. ఇంత బాగా ఎప్పుడూ రాలేదని మనసులో ఎక్కడో ఒక మూల సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషాన్ని ఆమె చచ్చేదాకా క్షమించుకోలేదు.

రేకులన్నీ అయిపోయాయి. బయట ఇంకా అవుతూనే ఉంది. అతను ఆగినప్పుడల్లా వదిన ఏదో ఒక మాట అంటోంది. మాటలు రానురాను ముద్దగా వస్తున్నాయి, ఏమంటోందో తెలియడం లేదు, కానీ అంటోంది. గీతలక్క ట్రే ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తడి మెరుపు మెల్లగా తగ్గి, తెలుపు మీద మసక తేలింది. ఒక అంచున గోటితో తాకి చూసింది. అంటుకోలేదు. ఆ తర్వాత కొంచెంసేపటికి బయట వదిన గొంతు కూడా ఆగిపోయింది.

అన్న లోపలికొచ్చి చేతులు కడుక్కున్నాడు. దూదీ, బ్యాండేజీ పట్టుకుని మళ్ళీ పెరట్లోకి వెళ్ళి, ఆ కట్టేదేదో కట్టి, అలసిపోయి గదిలో పడుకున్నాడు. గురక వినబడ్డాక గీతలక్క బయటికెళ్ళింది.

వదిన బండకి ఆనుకుని కూర్చుంది. నుదుటి మీద తెల్లటి కట్టు నీటుగా ఉంది. ఎడమ చెవిలోంచి మెడ మీదికి రక్తం సన్నగా కారి ఎండిపోయింది. ఒక కన్ను మూసుకుపోయింది.

"ఎండిందా?" అంది.

గీతలక్క తల ఊపింది.

"ఎక్కడా పారలేదా?"

"లేదు వదినా."

"ఇటు తిరిగి చెప్పు. ఈ చెవి వినబడట్లేదు."

అప్పుడు అర్థమైంది గీతలక్కకి. వదినకి మతి పోలేదు. పూత మీద పొర కట్టడానికి ఎంతసేపు పడుతుందో ఏళ్ళ తరబడి పక్కన కూర్చుని చూసిన మనిషి. అంతసేపూ అతన్ని పెరట్లోనే ఉంచింది. చెయ్యి ఆగితే లోపలికి పోతాడని, ఆగినప్పుడల్లా ఒక మాట విసిరింది. ఆరిపోయి ఉంటుందని నమ్మకం కుదిరాకే నోరు మూసుకుంది.

"నువ్వు చస్తున్నావని తెలిసీ నేను గులాబీలు తిప్పాను" అంది గీతలక్క కుడివైపుకి వచ్చి. "ఆపలేదు."

"ఆపి ఉంటే నేనే చంపేసేదాన్ని" అంది వదిన. ఆ మాటకి ఇద్దరికీ నవ్వు రాలేదు.

మర్నాడు కేకుల కొట్టావిడ ట్రే మీద మూత తీసింది. ఒక బిస్కెట్టుని కంటి ఎత్తుకి పెట్టి అద్దం చూసినట్టు చూసింది. "ఎక్కడా ఒక్క వణుకు లేదు. ఎంత ప్రశాంతంగా కూర్చుని చేశావమ్మా" అంది. గీతలక్క గోడ పట్టుకుని నిలబడింది. కొట్టావిడ బిస్కెట్టు కొరికి నమిలి, ఆగి, మళ్ళీ కొరికింది.

"పిండి కూడా నీదేనా?"

"మా వదినది. ఆవిడా వస్తుంది."

"గదిలో మంచం ఒకటే ఉంది."

"కింద పడుకుంటాం మేడమ్. ఆవిడ రాకపోతే నేనూ రాను." ఈ మాట అనేదాకా గీతలక్కకి తను అనబోతోందని తెలియదు.

కొట్టావిడ ఆమె విరిగిన పన్నుకేసి, ఆ తర్వాత కళ్ళకేసి చూసింది. "సాయంత్రం వచ్చెయ్యండి" అంది విసుగ్గానే.

ఇంటికొచ్చేసరికి అన్న బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తున్నాడు. గీతలక్క పెరట్లోకి వెళ్ళి వదిన కుడి చెవిలో చెప్పింది. వదిన ఉతికిన బట్టలు పిండుతూనే వింది, ఒంటిచేత్తో.

"నువ్వు పో. నేను రాను."

"ఎందుకు రావు?"

"ఇద్దరం పోతే వెతుక్కుంటూ వస్తాడు. ఒకరం ఉంటే రాడు. కొట్టుకోడానికి ఇంట్లో మనిషి ఉంటే చాలు ఆయనకి." బట్ట దులిపి తీగ మీద వేసింది. "నిన్న నేను తిన్నదంతా దేనికి? నువ్వు పోవాలనే కదా. ఇప్పుడు నాటకాలాడకు."

"నేను ఆ గదిలో గడియ పెట్టుకుని పడుకోవాలి, నువ్విక్కడ తన్నులు తింటూ ఉండాలి. అంతేనా? ఒకప్పుడు అలాగే పడుకున్నాను. నువ్వు కొత్తగా వచ్చినప్పుడు. హమ్మయ్య అనుకుని పడుకున్నాను వదినా."

"తెలుసు" అంది వదిన. "నీ మొహంలో కనబడేది."

గీతలక్క ఆమె చెయ్యి పట్టుకుని లాగింది. పట్టుకున్నది వాచిన చెయ్యి. వదిన కెవ్వుమంది. ఆ కేకకి అన్న కంచం ముందు నుంచి లేవలేదు, కూర్చునే "ఏంటక్కడ?" అన్నాడు. గీతలక్క ఆ చెయ్యి వదిలేసి రెండోది పట్టుకుని, వంటింట్లోంచే, అతని ముందు నుంచే వీధి గుమ్మం వైపు నడిపించింది. పెరట్లోంచి వీధిలోకి దారి ఉండి ఉంటే అటే పోయేవాళ్ళు. ఆ ఇంటికి ఒక్కటే దారి.

"ఎక్కడికే?"

"పోతున్నాం అన్నయ్యా. ఇద్దరం."

అతను లేచాడు. అలవాటు కొద్దీ ముందు బల్లని తన్నాడు. కంచం, గ్లాసు గోడకి కొట్టుకున్నాయి. మైదా డబ్బా బోర్లాపడి తెల్లగా లేచింది. చెల్లెలి జుట్టు దొరకబుచ్చుకుని వెనక్కి లాగి, పిడికిలితో మెడ మీద ఒకటి, వీపు మీద ఒకటి గుద్దాడు. ఆమె మోకాళ్ళ మీద పడింది. బల్ల మీద నుంచి దొర్లిన సామానంతా చుట్టూ ఉంది. వదిన అడ్డం వస్తే ఒక్క తోపుతో గోడకేసి కొట్టాడు, వదిన కుడివైపుకి జారి కూలబడింది. "మీ ఇద్దర్నీ ఇవాళ పాతేస్తాను" అన్నాడు. కాలు వెనక్కి తీశాడు, పడి ఉన్న వదిన కడుపుని తన్నడానికి.

గీతలక్క చేతికి పిండి వత్తే కర్ర తగిలింది. గీత గీసేవాళ్ళు గీత మొదలయ్యే చోటుకేసి చూడరు, ఎక్కడ ముగియాలో అక్కడికే చూస్తారు. ఆమె అక్కడికే చూసింది. మోకాలికి కింద, ముందువైపు, ఎముక మీద కండ లేని చోట. మోకాళ్ళ మీద ఉండే, రెండు చేతులతో, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. ఎండుకొమ్మ విరిచినట్టు చప్పుడైంది. అతను పడ్డాడు. పడ్డాక కూడా ఆమె కర్ర మళ్ళీ ఎత్తింది. ఎత్తి, వదిన మొహం చూసి, దింపింది. దింపినందుకు ఆమెని మెచ్చుకోవాలో తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అరుపులకి పేటంతా గుమ్మంలోకి వచ్చింది. ఏమైంది, ఏమైంది అంటూ నలుగురు లోపలికి తోసుకొచ్చారు. దేవుడు మైదాలో పడి కాలు పట్టుకుని ఉన్నాడు. పక్కన ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరి మొహం గుర్తుపట్టేలా లేదు. అతను అందరికేసీ చూశాడు. చెల్లెలు కొట్టిందని చెప్పడానికి నోరు రాలేదు.

"జారిపడ్డాను" అన్నాడు.

ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఇన్నేళ్ళూ అందరికీ చెప్పిన మాట అదే. వదిన గోడ పట్టుకుని లేచింది. ఎవరో అంబులెన్సుకి ఫోను చేస్తున్నారు, అది మరమ్మతులో ఉందని ఇంకెవరో గుర్తు చేస్తున్నారు. ఆ గలాటాలో వాళ్ళిద్దరూ, కట్టుబట్టలతో, జనం మధ్య నుంచి బయటికి నడిచారు. దారి ఇచ్చినవాళ్ళు ఇచ్చారు. ఒక ముసలావిడ మాత్రం, "మొగుణ్ణి అలా వదిలేసి ఎక్కడికమ్మా" అంది. ఆవిడ ఉన్నది వదినకి ఎడమవైపు, వినబడలేదు.

బస్సులో చివరి సీటు దొరికింది. వదిన కిటికీ పక్కన కూర్చుంది, ఎడమ చెవి ఇటువైపు. గీతలక్క ఏదేదో చెబుతూ వచ్చింది, కొట్టావిడ గురించి, పెద్ద పొయ్యి గురించి, గది గురించి. తర్వాత ఏడ్చింది. అన్న తనని చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకున్న సంగతి ఎందుకో జ్ఞాపకం వచ్చింది. ఆ భుజాలే కదా అనుకుని ఇంకా ఏడ్చింది. వదిన ముందుకే చూస్తూ ఉన్నట్టుండి అంది.

"విరిగింది."

"ఏంటి?"

వదినకి వినబడలేదు. తనంతట తనే చెప్పుకుపోయింది.

"కాలు విరిగింది. చప్పుడు విన్నాను. నేను గోడ పక్కన పడ్డప్పుడు కుడి చెవి నేలకి ఆనుకుని ఉంది. పాడైన చెవే పైకి ఉంది. దానితోనే విన్నాను. అంత బాగా ఏదీ వినలేదు ఎప్పుడూ."

అని, రెండు చేతుల్లో మొహం దాచుకుని, పక్కటెముకలు నొప్పెడుతున్నా ఆపుకోకుండా, బస్సంతా తిరిగి చూసేలా నవ్వడం మొదలుపెట్టింది. గీతలక్క లేచి, ఆమెని కొంచెం జరిపి, కుడిపక్కకి వచ్చి కూర్చుంది.